మూడు గంటల మ్యాచ్‌కి ముప్పావుగంట రీప్లే: ఎన్‌ఎఫ్‌ఎల్ ఎప్పుడు ఎలా చూడాలి

ఆదివారం మధ్యాహ్నం 12 గంటలు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ కోసం డాలస్ చుట్టుపక్కల సగం జనం టీవీ ముందు చేరే వేళ. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో పిల్లల తెలుగు క్లాసు. అది అయ్యాక ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, వచ్చే దారిలో ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర, కరివేపాకు. ఇల్లు చేరేసరికి మ్యాచ్ అయిపోయి, ఓడినవాళ్ల మీద టీవీలో విశ్లేషణ నడుస్తూంటుంది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటూ, డాలస్ జట్టు కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న 'ది స్టార్'కి పక్కనే ఉంటూ, మ్యాచ్ మాత్రం లైవ్‌లో చూడలేకపోవడం మా ఇంటి పరిస్థితి. అందుకే రీప్లేలు చూడటంలో నాకు బాగా చెయ్యి తిరిగింది.

మొన్న హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడికి కొత్తగా ఈ పిచ్చి పట్టుకుంది. "బావా, మ్యాచ్ మొత్తం నలభై నిమిషాల్లో చూపించేస్తున్నారు కదా, ఇంకా మూడు గంటలు కూర్చుని చూసేవాళ్లకి పనేం లేదా?" అన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

ముందు లెక్క చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్‌కి గడియారం ప్రకారం 60 నిమిషాలు, 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు. టీవీలో మాత్రం మూడు గంటలు దాటుతుంది. వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్లు 2010లో స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిస్తే, బంతి నిజంగా ఆటలో ఉన్న సమయం సుమారు 11 నిమిషాలు తేలింది. మిగతాదంతా ఆటగాళ్లు గుంపుగా చేరి మాట్లాడుకోవడం, వరసలో నిలబడటం, ప్రకటనలు, రీప్లేలు, కోచ్ మొహం మీద క్లోజప్‌లు. లైవ్ అయినా, రికార్డింగ్ అయినా, కుదించిన రీప్లే అయినా ఆ 11 నిమిషాల జోలికి పోవు, హైలైట్స్ ఒక్కటే అందులోనూ కోత పెడుతుంది. మిగిలిన దాదాపు మూడు గంటల్ని ఏం చేస్తాయన్నదే వాటి మధ్య తేడా.

క్రికెట్ భాషలో చెబితే మనకి చప్పున ఎక్కుతుంది. హైలైట్స్ అంటే ఫోర్లు, సిక్సర్లు, వికెట్లు. కుదించిన రీప్లే అంటే ప్రతి ఓవర్లో ఆరు బంతులూ ఉంటాయి, డాట్ బాల్స్‌తో సహా. బౌలర్ వెనక్కి నడుచుకుంటూ వెళ్లడం, కెప్టెన్ ఫీల్డింగ్ మార్చడం, బ్యాట్స్‌మన్ గ్లవ్స్ సర్దుకోవడం ఉండవు. బంతి పడింది, ఆగింది, మళ్లీ బంతి పడింది.

ఎన్‌ఎఫ్‌ఎల్ కుదించిన రీప్లే సరిగ్గా ఇలాంటిదే. సెంటర్ అనే ఆటగాడు బంతిని క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ జట్టు దాడిని నడిపించేవాడు) చేతికి అందించే స్నాప్ దగ్గర మొదలై, రిఫరీ విజిల్ దగ్గర తెగుతుంది. ఆ వెంటనే తర్వాతి స్నాప్. మ్యాచ్ మొత్తం 40 నుంచి 45 నిమిషాల్లో అయిపోతుంది. స్నాప్ నుంచి విజిల్ దాకా ఒక ఆట అనుకుంటే, ఏ ఆటా వదలరు: రెండు గజాల పరుగు, చేజారిన పాస్, పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి వదిలేయడం), అన్నీ ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇది ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియంలో దొరుకుతుంది. 2022లో ఆ సర్వీసు మొదలైనప్పుడు ప్రీమియం ధర నెలకి 9.99 డాలర్లు, తర్వాత పెరిగింది. బయటి దేశాలవాళ్లకి గేమ్ పాస్ ఉంది, 2023 నుంచి అది డాజోన్ యాప్‌లో నడుస్తోంది. డబ్బు కట్టే ముందు మీ ప్లాన్‌లో కుదించిన రీప్లేలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఏ ప్లాన్‌లో ఏం ఇస్తారో సీజన్‌కి ఒకలా మారుస్తుంటారు.

దీని బలమేమిటంటే, ఒక జట్టు ఎలా ఆలోచిస్తోందో వరసగా కళ్లముందు పరిచేస్తుంది. మూడు గంటల ప్రసారంలో ఒక పరుగుకీ తర్వాతి పాస్‌కీ మధ్య ట్రక్కుల ప్రకటన, బీరు ప్రకటన, ఇన్సూరెన్స్ ప్రకటన వచ్చిపోతాయి. మొదటి డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఒక్కోటి ఒక డౌన్) ఏం చేశారో మూడో డౌన్‌కి గుర్తుండదు. కుదించిన రీప్లేలో అలా కాదు. పరుగు, పరుగు, పాస్, పంట్; మళ్లీ పరుగు, పరుగు, పాస్, పంట్. మూడోసారి అదే వరస కనిపించేసరికి సోఫాలో కూర్చున్న మనకే విసుగొస్తుంది, "ఈ కోచ్‌కి ఇంకోటి రాదా?" అని. ఆ విసుగు లైవ్‌లో రాదు. ముందు వరసలో ఎదురుబొదురుగా తలపడే ఒక లైన్‌మన్ పదే పదే ఓడిపోతున్నాడన్నది కూడా ఇందులోనే తేలిగ్గా పట్టుబడుతుంది.

రెండో బలం సంఖ్య. రెగ్యులర్ సీజన్‌లో 18 వారాలు, 272 మ్యాచ్‌లు. మామూలుగా మన జట్టు తప్ప మిగతా 31 జట్ల గురించి మనకి తెలిసింది హైలైట్స్‌లో చూసినంతే. సోమ, మంగళ, బుధ రాత్రుళ్లు పిల్లలు పడుకున్నాక ఒక్కో మ్యాచ్ చొప్పున చూస్తే వారానికి మూడు, రెండుంబావు గంటల్లో. అదే పూర్తి ప్రసారాలైతే తొమ్మిది గంటల పైమాటే. బట్టలు మడతపెడుతూ చూడటానికి ఇంతకన్నా మంచి కాలక్షేపం నాకు దొరకలేదు. అయితే ఒక హెచ్చరిక: సాక్సుల జత వెతుక్కునేలోపు రెండు ఆటలు దాటిపోతాయి.

ఇక బలహీనతలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. యాప్ ప్రకటనల్లో ఇవి చెప్పరు.

మొదటిది గడియారం. ఒక జట్టు తొమ్మిది నిమిషాలు బంతిని తన దగ్గరే ఉంచుకుని, ఆడిన ప్రతిసారీ సెకన్లు కరగబెట్టి, అవతలి డిఫెన్స్‌ని నిలబెట్టి అలసగొట్టింది అనుకోండి. ఇంకో జట్టు రెండు నిమిషాల్లో ఆదరాబాదరాగా మైదానమంతా దాటేసింది. కుదించిన రీప్లేలో ఈ రెండూ ఒకేలా పరిగెడతాయి. ప్రతి డ్రైవూ (బంతి చేతికొచ్చాక ఒక జట్టు వరసగా ఆడే ఆటలు) ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది. నాలుగో క్వార్టర్‌లో డిఫెన్స్ వాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్న దృశ్యం కత్తిరింపులో పోతుంది. వాళ్లని తోసుకుని వెళ్లిన పరుగు మాత్రం మిగులుతుంది. అంతవరకూ ఆగిన డిఫెన్స్ ఒక్కసారిగా ఎందుకు కూలిపోయిందో చూసేవాడికి అర్థం కాదు.

రెండోది మాట. కామెంటేటర్ వాక్యం సగంలో తెగుతుంది. "ఇప్పుడు చూడండి, ఆ సేఫ్టీ గనక ముందుకి..." అంతే, తర్వాతి స్నాప్. డిఫెన్స్‌లో వెనక నిలబడే ఆ సేఫ్టీ ఏం చేసేవాడో మనకి తెలియదు. టోనీ రోమో సంగతే తీసుకోండి. కౌబాయ్స్‌కి ఏళ్ల తరబడి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 2017లో సీబీఎస్ టీవీ కామెంటరీకి వెళ్లాడు. స్నాప్‌కి ముందే అవతలి వరస చూసి ఏ ఆట రాబోతోందో చెప్పేయడం అతని ప్రత్యేకత. 2019 జనవరిలో చీఫ్స్, పేట్రియట్స్ ఆడిన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో అతను ముందే చెప్పిన ఆటలు చెప్పినట్టే జరుగుతుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ జోస్యమంతా స్నాప్‌కి ముందు సెకన్లలో ఉంటుంది. కుదింపులో కత్తెర పడేదీ అక్కడే.

అందుకే మా బావమరిదికి గట్టిగా చెప్పాను, ఆట ఇంకా నేర్చుకుంటున్నవాడు కుదించిన రీప్లేతో మొదలుపెట్టకూడదని. చాలామంది దీనికి తలకిందులుగా సలహా ఇస్తారు, "కొత్త కదా, పొట్టిది చూడు" అని. కానీ కొత్తవాడికి కావలసిన వివరణంతా ఆటకీ ఆటకీ మధ్యే ఉంది. తప్పు జరిగిందని రిఫరీ వేసే ఆ ఫ్లాగ్ ఎందుకు పడింది, పది గజాలు ఎందుకు వెనక్కి పోయారు, నాలుగో డౌన్‌లో పంట్ కొట్టకుండా ఎందుకు తెగించారు, అన్నీ అక్కడే చెబుతారు. రిఫరీ మైక్ ఆన్ చేసి చెప్పే తీర్పు కూడా చాలాసార్లు కత్తిరింపులో పోయి, బంతి ఉన్నట్టుండి పదిహేను గజాల అవతల ప్రత్యక్షమవుతుంది. క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద వెళ్లినా అంతే. తర్వాతి స్నాప్‌లో ఎవరో కొత్త నంబరు చొక్కా. ఒక నాలుగైదు మ్యాచ్‌లు పూర్తిగా, ప్రకటనలతో సహా చూసినవాడికే కుదింపు రుచిస్తుంది. సంగీతం కొత్తగా వినేవాడికి రాగం ఆలాపన తీసేసి కీర్తన ఒక్కటే వినిపిస్తే ఎలా ఉంటుందో, అలా.

మూడో లోపం అన్నిటికన్నా పెద్దది. కొన్ని మ్యాచ్‌లు ఆటల మధ్య ఖాళీలోనే తేలిపోతాయి.

2015 ఫిబ్రవరి 1, 49వ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. పేట్రియట్స్ 28-24తో ముందున్నారు. సీహాక్స్ చేతిలో బంతి. మార్షాన్ లించ్ పరుగు తీసి ఎండ్ జోన్‌కి (బంతితో అక్కడికి చేరితే టచ్‌డౌన్) ఒక్క గజం దూరంలో పడ్డాడు. గడియారంలో దాదాపు ఒక్క నిమిషం. పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ దగ్గర గడియారం ఆపే టైమ్ అవుట్‌లు ఉన్నాయి. ఎలాగూ టచ్‌డౌన్ పడేలా ఉంది కాబట్టి, తన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి తిరిగి కొట్టే సమయమైనా మిగలాలంటే టైమ్ అవుట్ పిలవాలి. చూస్తున్నవాళ్లందరూ అదే అనుకున్నారు. బెలిచిక్ పిలవలేదు. నిలబడి చూస్తున్నాడు. 50, 40, 30... సెకన్లు కరిగిపోతున్నాయి. సీహాక్స్ వైపే తొందర మొదలైంది. 26 సెకన్ల దగ్గర స్నాప్. సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ పాస్ వేశాడు, కాలేజీ ఆటగాళ్లని జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని పేట్రియట్స్ కుర్రాడు మాల్కమ్ బట్లర్ ముందుకి దూకి దాన్ని లాక్కున్నాడు. మిగిలింది 20 సెకన్లు. మ్యాచ్ అయిపోయింది.

స్నాప్ నుంచి విజిల్ దాకా మాత్రమే చూపించే కత్తిరింపులో ఆ అరనిమిషం ఉండదు. లించ్ పడతాడు, కన్నార్పితే గడియారం 26కి దూకుతుంది, పాస్, బట్లర్. జరిగింది మొత్తం చూశాం, ఏం జరిగిందో మాత్రం చూడలేదు. ప్లేఆఫ్‌లు, సూపర్ బౌల్, మన సొంత జట్టు మ్యాచ్‌లు కుదింపులో చూడొద్దని నేను మొండిగా అనేది ఇందుకే. మొదట పూర్తిగా చూసి, రెండోసారికి కుదింపు పెట్టుకోండి, అప్పుడు అది అద్భుతంగా పనికొస్తుంది.

లైవ్ దొరకనివాడికి, పూర్తి ప్రసారానికి ఓపిక లేనివాడికి మధ్యేమార్గం ఒకటుంది. అది నాకు అన్నిటికన్నా ఇష్టం: రికార్డ్ చేసుకుని, రిమోట్‌లో 30 సెకన్ల స్కిప్ బటన్ వాడటం. ఒక ఆట ముగియగానే తర్వాతి స్నాప్‌కి గడువుగా 40 సెకన్ల ప్లే క్లాక్ మొదలవుతుంది. విజిల్ వినగానే ఒక్కసారి నొక్కితే రెండు జట్లూ వరసలో నిలబడుతున్న క్షణంలో దిగుతాం. స్నాప్‌కి ముందు క్వార్టర్‌బ్యాక్ అరుపులు, డిఫెన్స్ అటూ ఇటూ జరగడం, రోమో జోస్యం, అన్నీ దక్కుతాయి. ముఖ్యమైన ఘట్టంలో బటన్ మీద నుంచి వేలు తీసేస్తే చాలు, బెలిచిక్ ఆ అరనిమిషం మనతోనే ఉంటాడు. నాకైతే మ్యాచ్ గంటంబావులో అవుతుంది. కత్తెర మన చేతిలో ఉండటమే ఇందులో సుఖం.

దీనికీ ఒక గండం ఉంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి, స్కోరు ఎవరూ చెప్పకుండా అష్టకష్టాలు పడి దాచుకుని, ఫోన్ బెడ్‌రూమ్‌లో పడేసి మరీ కూర్చున్నాను. నాలుగో క్వార్టర్ చివర స్కోర్లు సమం. ఫీల్డ్ గోల్ కొట్టడానికి కిక్కర్ వచ్చి నిలబడ్డాడు. రెండడుగులు వెనక్కి, ఒకటి పక్కకి. తల ఎత్తి గోల్ స్తంభాల వైపు చూశాడు. రికార్డింగ్ అయిపోయింది. "డిలీట్ చేయాలా, ఉంచాలా?" అని టీవీ నన్నే అడుగుతోంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను సందర్భం లేకుండా అడుగుతుంటుంది. రికార్డింగ్ పెట్టేటప్పుడు చివర్లో ఒక గంట అదనంగా కలపండి, లేదా ఆ తర్వాతి కార్యక్రమాన్ని కూడా రికార్డ్ చేయండి.

స్కోరు ముందే తెలిసిపోవడం గురించి చెప్పాలంటే, రీప్లేలు చూసేవాళ్ల అసలు శత్రువు అదే. యాప్ సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే ఏర్పాటు ఉంటే ముందు దాన్ని ఆన్ చేయండి. వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పక్కర్లేదు. వాటికన్నా మోసపూరితమైనది వీడియో నిడివి. మామూలుగా 42 నిమిషాలుండే రీప్లే 51 నిమిషాలుంటే ఓవర్‌టైమ్ ఉందని మొదటి స్నాప్‌కి ముందే తెలిసిపోయినట్టే. 2017 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ ఫాల్కన్స్ మీద 28-3తో వెనకబడి, సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 34-28తో గెలిచారు. సూపర్ బౌల్ చరిత్రలో మొదటి ఓవర్‌టైమ్ అది. ఆ మ్యాచ్ గురించి ఏమీ తెలియకుండా రీప్లే తెరిచినవాడు 28-3 దగ్గర వీడియో కింద టైము చూపించే గీత వైపు చూస్తే, "ఇంకా ఇంతుందేమిటి?" అని అనుమానం రాక తప్పదు. తిరగేసి చూసినా అంతే. మన జట్టు నాలుగు పాయింట్లు వెనక ఉంది, చేతిలో బంతి ఉంది, వీడియోలో 20 సెకన్లే మిగిలాయి: ఇంక ఆశ దేనికి? నేను టీవీ కింది అంచుకి ఒక అట్టముక్క టేపుతో అంటించి చూస్తాను. మా అబ్బాయి తన స్నేహితులు వస్తున్నారంటే ముందు అది పీకేస్తాడు.

హైలైట్స్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. యూట్యూబ్‌లో లీగ్ సొంత ఛానెల్‌లో ఉచితంగా, మ్యాచ్‌కి పది పదిహేను నిమిషాల్లో వస్తాయి. సోమవారం ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర మాట కలపడానికి, ఫాంటసీ లీగ్‌లో మనవాడు ఎన్ని పాయింట్లు తెచ్చాడో చూసుకోవడానికి చాలు. కానీ హైలైట్స్ మాత్రమే చూసేవాడికి ప్రతి క్వార్టర్‌బ్యాకూ మహానుభావుడే. పంట్లు ఉండవు, మూడు ఆటల్లో చేతులెత్తేసిన డ్రైవులు ఉండవు. పక్కన వచ్చే సిఫారసు వీడియోల బొమ్మలు మిగతా మ్యాచ్‌ల ఫలితాలు కక్కేస్తాయి, అది వేరే సంగతి.

రెడ్‌జోన్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ ఛానెల్‌ని కూడా కొందరు ఈ లెక్కలో కలుపుతారు. అది రీప్లే కాదు, లైవే. ఆదివారం మధ్యాహ్నం జరిగే మ్యాచ్‌లన్నిటి మధ్యా గెంతుతూ, ఎవరు స్కోరుకి దగ్గరైతే వాళ్ల దగ్గర వాలుతుంది. 2009 నుంచి స్కాట్ హాన్సన్ ఏడు గంటలపాటు నిలబడి నడిపిస్తున్నాడు. పెళ్లి భోజనంలో అన్ని రకాలూ ఒక్కో చెంచా వడ్డించినట్టుంటుంది. ఏ ఒక్క మ్యాచ్ కథా చేతికి చిక్కదు. ఫాంటసీ ఆడేవాళ్లకి పండగ, నాలాంటివాడికి తలనొప్పి.

ఇక ఆట మీద మమకారం ముదిరినవాళ్లకి 'ఆల్-22' ఉంది. కోచ్‌లు చూసే ఫిల్మ్ అది. ఎత్తు నుంచి తీసిన దృశ్యంలో 22 మంది ఆటగాళ్లూ ఒకేసారి కనిపిస్తారు. కామెంటరీ ఉండదు, ప్రేక్షకుల గోల ఉండదు. 2012 దాకా లీగ్ దీన్ని మామూలు అభిమానులకి ఇవ్వనేలేదు. టీవీ కెమెరా బంతి వెంట పడుతుంది కాబట్టి, దూరంగా పరిగెత్తే రిసీవర్లు, వెనక నిలబడే సేఫ్టీలు ఫ్రేమ్ దాటిపోతారు. క్వార్టర్‌బ్యాక్ బంతి వేయకుండా ఎందుకు తటపటాయించాడో టీవీలో అర్థం కాదు, ఇందులో చూడగానే తెలుస్తుంది: నలుగురు రిసీవర్లకీ తలో కాపలావాడు అతుక్కుని ఉంటాడు. మ్యాచ్ మొత్తం ఇలా చూడమని ఎవరికీ చెప్పను. కుదించిన రీప్లేలో అర్థం కాని రెండు మూడు ఆటలు గుర్తు పెట్టుకుని, వాటిని మాత్రం ఇందులో తీసి చూడండి.

మా బావమరిది లెక్క వేరు, ఇండియా టైముది. అక్కడ డాలస్ మధ్యాహ్నం 12 మ్యాచ్ ఆదివారం రాత్రి 10:30కి మొదలవుతుంది. సాయంత్రం మ్యాచ్‌లు అర్ధరాత్రి దాటాక రెండు గంటల ప్రాంతంలో. సండే నైట్ మ్యాచ్ సోమవారం తెల్లవారి 5:50కి. నవంబర్ మొదట్లో ఇక్కడ గడియారాలు వెనక్కి జరిపాక అన్నీ ఇంకో గంట ఆలస్యం. వాడు ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో ఆఫీసుకి వెళ్తాడు, ముప్పావుగంట పైనే ప్రయాణం. కుదించిన రీప్లే కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. కాబట్టి వాడికి నేను చెప్పింది ఇది: ఆదివారం రాత్రి 10:30 మ్యాచ్ ఒకటి, కనీసం సగం దాకా, లైవ్‌లో కామెంటరీతో చూడు. నెల రోజులు అలా చేశాక సోమవారం మెట్రోలో కుదింపు మొదలుపెట్టు. నిద్ర పాడుచేసుకుని అర్ధరాత్రి దాటాక రెండింటికి వచ్చే మ్యాచ్‌కి లేవకు, ఆ ఆటకి అంత సీన్ లేదు.

"మరి సూపర్ బౌల్?" అన్నాడు.

అది సోమవారం తెల్లవారి 5 గంటలకి పడుతుంది. "లీవ్ పెట్టు" అన్నాను. "ఒంట్లో బాగాలేదని చెప్పనా బావా?" అంటే, మొన్న సంక్రాంతికి అదే చెప్పాడట, ఈసారి నిజమే చెప్పమన్నాను.